తట్టు పోసిన ఇంట్లో: తిరుపతి తల్లులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి వార్డుల్లో టీకాల పెట్టె మోసుకుని తిరగబట్టి ఇరవై ఏళ్లు దాటింది. జీవకోనలోనో, కొర్లగుంటలోనో గడప దగ్గర నిలబెట్టి "నర్సమ్మా, ఒక మాట" అని అడిగే ప్రశ్నలివి. కొన్ని అవ్వలు అడిగినవి, కొన్ని ఫోన్లో ఏదో చదివి టెన్షన్ పడిన నాన్నలు అడిగినవి. అందరూ అడగాల్సింది, దాదాపు ఎవరూ అడగనిది కూడా ఒకటుంది. దాన్ని మధ్యలో నేనే చేర్చాను.

తట్టు అంటే ఆటలమ్మేనా?

కాదు. మన దగ్గర ఒంటిమీద ఏది పోసినా "అమ్మోరు" అనేస్తాం కాబట్టి ఈ గందరగోళం. ఆటలమ్మలో నీటి పొక్కులు లేస్తాయి, దురద పెడతాయి. తట్టులో (ఇంగ్లీషులో మీజిల్స్) నీటి పొక్కులుండవు. ముందు మూడు నాలుగు రోజులు కాగిపోయే జ్వరం, ముక్కు కారడం, పొడి దగ్గు, బాగా ఏడ్చి లేచినట్టు ఎర్రబడిన కళ్లు. ఆ తర్వాత చెవుల వెనక, నుదుటి దగ్గర ఎర్రటి దద్దు మొదలై మొహం, మెడ, పొట్ట మీదుగా కాళ్ల దాకా దిగుతుంది. నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు అంతగా తెలియదు. వెలుతురులోకి తీసుకెళ్లి, చేత్తో తడిమి చూస్తే గరుకుగా తగులుతుంది.

దద్దు రాకముందే నోట్లో ఒక గుర్తు కనిపిస్తుంది. దవడ పళ్లకు ఎదురుగా, బుగ్గ లోపల ఎర్రటి చోట బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలుంటాయి. న్యూయార్క్ పిల్లల డాక్టరు హెన్రీ కాప్లిక్ 1896లో వీటి గురించి రాశాడు కాబట్టి కాప్లిక్ మచ్చలంటారు. ఒకటి రెండు రోజుల్లో మాయమవుతాయి. కనిపించలేదంటే తట్టు కాదని మాత్రం అనుకోకండి.

అమ్మవారు పోసినప్పుడు ఇంగ్లీషు మందులు వాడకూడదంటారు. నిజమేనా?

తాతయ్యగుంట గంగమ్మకు మొక్కే ఊరు మనది. మే నెల జాతరలో అంబలి పోసి, పొంగళ్లు పెట్టే ఇళ్లలోనే నేనూ పుట్టి పెరిగాను. వేపాకు తీసేయమని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు, చెప్పను. గడపకు వేపమండ కట్టడమంటే "ఈ ఇంట్లో జబ్బుంది, లోపలికి రాకండి" అని బోర్డు పెట్టినట్టే. తాలింపు ఘాటు లేకుండా చల్లటి తిండి పెట్టడం, బిడ్డను నీడపట్టున పడుకోబెట్టడం, బయటివాళ్లను రానివ్వకపోవడం, ఇవన్నీ మంచి అలవాట్లే.

చిక్కల్లా మిగతా సగంతో. మందు మింగిస్తే అమ్మవారికి కోపం వస్తుందని జ్వరం మందు ఆపేస్తారు. పథ్యం పేరుతో కడుపు మాడుస్తారు. కొన్నిళ్లలో తల్లిపాలు కూడా తగ్గిస్తారు. అసలే తిండి సయించని బిడ్డను ఇంకా నీరసపరచడం కాదా ఇది?

ఒకసారి పద్నాలుగు నెలల పాప ఉన్న ఇంటికి వెళ్లాను. గడపకు వేపమండలు, లోపల చీకటి, చాప మీద పాప. కళ్లు పుసులు కట్టి అతుక్కుపోయాయి. నా చేతిలో విటమిన్-ఏ సీసా. ఆ పాప జేజి అడ్డంగా నిలబడి "అది ఇంగ్లీషు మందేనా?" అంది. "కాదు జేజీ, మునగాకు, కేరట్ తింటే ఒంటికి వచ్చే సత్తువే, సీసాలో పోశారంతే" అన్నాను. చెంచాలో ఒక చుక్క తన నాలుక మీద వేయించుకుని చూసింది. "తియ్యగుందే" అని పక్కకు జరిగింది. అబద్ధం చెప్పి ఒప్పించలేదు, అది నిజంగా ఆ సత్తువే.

ఆ ద్రావణం తట్టుకు చాలా ముఖ్యం. తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ వరసగా రెండు రోజులు, రోజుకొక మోతాదు ఇవ్వాలి. ఆరు నెలల లోపు 50 వేల యూనిట్లు, ఆరు నుంచి పదకొండు నెలల దాకా లక్ష, ఏడాది దాటితే రెండు లక్షలు. కంటి లక్షణాలుంటే కొన్ని వారాల తర్వాత మూడో మోతాదు ఉంటుంది. మోతాదు ఎక్కువైనా ప్రమాదమే కాబట్టి నర్సు చేతుల మీదుగానే వేయించండి, మీరు కొనుక్కొచ్చి వేయొద్దు.

మా కాలంలో అందరికీ వచ్చి పోయింది. దీంతో పిల్లలు చనిపోతారా?

చనిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2024లో తట్టుతో సుమారు 95 వేల మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఐదేళ్లలోపు పిల్లలు, టీకా అసలు పడనివాళ్లు లేదా సగమే పడినవాళ్లు. 1963లో టీకా రాకముందు ఏడాదికి 26 లక్షల మంది దాకా పోయేవారు. "అందరికీ వచ్చి పోయింది" అని చెప్పేది బతికినవాళ్లే కదా. పోయినవాళ్ల గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. పాత ఇళ్లలో పెద్దవాళ్లను మెల్లగా అడిగితే "నాకు పైన ఒకడుండేవాడు, అమ్మోరు పోసి పోయాడు" అంటారు.

మరి నీళ్లు పోసేశాక గండం గడిచినట్టేనా?

నేను చేర్చిన ప్రశ్న ఇదే.

ఐదో రోజో, ఏడో రోజో, తొమ్మిదో రోజో దద్దు వాడాక వేపాకు వేసి కాచిన నీళ్లు తలకు పోస్తారు. అమ్మవారిని సాగనంపి, ఇల్లు కడుక్కుని, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అమ్మ మళ్లీ పనికి పోతుంది, బిడ్డను జేజి దగ్గర వదిలేస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రాణం మీదికి వచ్చేది. తట్టుతో పోయే పిల్లల్లో చాలామంది ఆ దద్దుతో పోరు. దాని వెనకే వచ్చే నెమ్ముతో (న్యుమోనియా), విరేచనాలతో పోతారు. వెయ్యి మందిలో ఒకరికి మెదడు వాస్తుంది. దద్దు వాడిందంటే తట్టు వెళ్లిపోయిందని మనం అనుకుంటాం. లోపల జరిగింది వేరు. ఆ వైరస్ ఒంట్లో రక్షణ కణాలనే పట్టుకుంటుంది. ఇంతకుముందు ఒళ్లు నేర్చుకున్నదంతా, అంటే ఏ జలుబుకు ఎలా ఎదురు తిరగాలో, ఏ విరేచనాల క్రిమిని ఎలా గుర్తుపట్టాలో, దాంట్లో కొంత చెరిపేస్తుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. పాత రోగాల మీద వాళ్లు సంపాదించుకున్న యాంటీబాడీల్లో, అంటే క్రిమిని గుర్తుపట్టి అడ్డుకునే రక్షణ పదార్థాల్లో, 11 నుంచి 73 శాతం దాకా పోయాయి. పలక మీద రాసుకున్నది తడిగుడ్డతో తుడిచేసినట్టు. అవి మళ్లీ రాసుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

అందుకే నీళ్లు పోసిన రోజు నుంచి కనీసం రెండు మూడు నెలలు బిడ్డ మీద కన్ను వేసి ఉంచమంటాను. రోజూ ఒక పూట ఎక్కువ తిండి పెట్టండి. చిన్న దగ్గయినా, చెవి కారినా, మోషన్స్ అయినా "మొన్ననే తట్టు వచ్చి పోయింది" అని డాక్టరుతో మొదటి మాటగా చెప్పండి. చాలామంది చెప్పరు, డాక్టరూ అడగడు.

ఎంతో అరుదుగా, తట్టు వచ్చి పోయిన ఏడెనిమిదేళ్లకు మెదడు కుంగిపోయే జబ్బొకటి వస్తుంది. దానికి వైద్యం లేదు. రెండేళ్లలోపు తట్టు వచ్చిన పిల్లల్లోనే అది ఎక్కువ.

ఇంట్లో పెద్దోడికి వచ్చింది. చిన్నదానికి కూడా వస్తుందా?

టీకా లేకపోతే దాదాపు తప్పదు. రక్షణ లేనివాళ్లు పదిమంది తట్టు ఉన్న బిడ్డ దగ్గర మెలిగితే తొమ్మిది మందికి అంటుకుంటుంది. పైగా దద్దు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటించడం మొదలవుతుంది, కనబడ్డాక ఇంకో నాలుగు రోజులు. అంటే మీరు గడపకు వేపాకు కట్టే వేళకు పెద్దోడు చెల్లికి ఇచ్చేసి ఉంటాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆఫ్రికాలోని గినీ-బిస్సావ్ రాజధాని బిస్సావ్‌లో 1979లో తట్టు చెలరేగినప్పుడు పీటర్ ఆబీ అనే డెన్మార్క్ పరిశోధకుడు ఇల్లిల్లూ లెక్క తీశాడు. చావులకు కారణం తిండి లేకపోవడమేనని అప్పటి నమ్మకం. ఆయనకు కనబడింది వేరు. బయట అంటించుకుని జబ్బును ఇంట్లోకి తెచ్చిన బిడ్డ కన్నా, అదే గదిలో వాడి పక్కన పడుకుని అంటించుకున్న తమ్ముడో చెల్లెలో ఎక్కువగా చనిపోతున్నారు. రాత్రంతా ఒకే గాలి పీలిస్తే వైరస్ మోతాదు ఎక్కువగా ఒంట్లోకి పోతుందని ఆయన వివరణ. ఒకే గది, ఒకే చాప, ఆరుగురు పడుకునే ఇళ్లు మన ఊళ్లోనూ ఎన్ని లేవు?

కాబట్టి పెద్దోడికి అనుమానం రాగానే చిన్నదాని సంగతి చూడండి. ఇద్దరినీ వేరే చోట పడుకోబెట్టండి, కిటికీ తెరవండి. టీకా పడని బిడ్డకు, వయసు సరిపోతే, దగ్గరగా మెలిగిన 72 గంటల్లోపు టీకా వేస్తే జబ్బును ఆపే అవకాశం ఉంది. టీకా వేయలేని పసికందులకు ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ ఉంటుంది, అది పెద్దాసుపత్రిలో డాక్టరు నిర్ణయించాలి.

మేము ఎక్కడికీ పోలేదు, ఎవరూ రాలేదు. ఎలా అంటింది?

తట్టు బిడ్డ దగ్గి వెళ్లిపోయిన గదిలో గాలిలో రెండు గంటల దాకా వైరస్ ఉంటుంది. మనిషిని మీరు చూసి ఉండక్కర్లేదు. పైగా రోజూ వేలమంది యాత్రికులు వచ్చిపోయే ఊరు మనది. బస్టాండు, రైల్వే స్టేషను, ఆసుపత్రి ఓపీ వరస, ఏదైనా కావచ్చు. కొండకు వచ్చినవాళ్ల మీద నెపం వేయడం మాత్రం నాకు నచ్చదు. మన వీధి పిల్లలందరికీ టీకాలుంటే ఎవరొచ్చినా మనకేమీ కాదు.

టీకా ఎప్పుడు వేయించాలి? రెండు సార్లు ఎందుకు?

మొదటిది తొమ్మిది నెలలు నిండగానే, ఏడాది లోపు. రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. కుడి భుజానికి వేస్తాం. దాంతోపాటే విటమిన్-ఏ కూడా పోస్తాం. ఏ కారణం చేతనైనా తప్పిపోతే ఐదేళ్ల దాకా ప్రభుత్వ టీకా ఉచితంగా వేస్తారు. మన రాష్ట్రంలో 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల దాకా అందరికీ వేసిన ఎంఆర్ టీకా చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే ఇది. తట్టుకూ, రుబెల్లాకూ (దద్దు వచ్చే ఇంకో వైరస్ జబ్బు) కలిపి ఒకే సూది.

తొమ్మిది నెలల దాకా ఎందుకు ఆగాలి అంటే, తల్లి రక్తం నుంచి వచ్చిన రక్షణ బిడ్డ ఒంట్లో ఇంకా ఉంటుంది. అది ఉండగా టీకా వేస్తే టీకానే కొట్టేస్తుంది. తొమ్మిది నెలలకు వేసినా నూటికి ఎనభై ఐదు మందికే పని చేస్తుంది. వార్డులో ఏడాదికి వంద మంది పుట్టారనుకోండి. తొంభై మందికి మొదటి టీకా వేశాం, మంచి పనే. కానీ దాంట్లో నిజంగా రక్షణ వచ్చింది సుమారు 76 మందికి. మిగిలిన 24 మంది ఖాళీ. వచ్చే ఏడాది ఇంకో 24. మూడేళ్లకు ఒక అంగన్‌వాడీ నిండిపోయేంత మంది. తట్టు అలాంటి గుంపు కోసమే కాచుకుని ఉంటుంది. రెండో డోసు పడితే నూటికి 97 మందికి రక్షణ. ఊళ్లో వందకు 95 మందికి రెండు డోసులూ పడాలని పట్టుబట్టేది అందుకే.

ఆలస్యం ఎలా అవుతుందో నాకు బాగా తెలుసు. పుట్టింటికి పోయారు, జాతర వచ్చింది, మూఢమని ఆగారు, బిడ్డకు జలుబు చేసింది. కొన్నిసార్లు తప్పు మాది కూడా. ఎంఆర్ సీసాలో ఐదు మందికో పది మందికో సరిపడా మందుంటుంది, కలిపాక నాలుగు గంటల్లో వాడకపోతే పారేయాలి. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే రూలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శనివారం నేను "ఇంకో నలుగురు వస్తే తెరుస్తా, బుధవారం రామ్మా" అని ఒక తల్లిని పంపేశాను. పారేసిన డోసులకు లెక్క చెప్పాల్సి వస్తుందని భయం. ఆమె బుధవారం రాలేదు. మేస్త్రీ పనికి చెన్నై వైపు వెళ్లిపోయారట. మళ్లీ కనబడేసరికి బాబుకు రెండేళ్లు దాటాయి, మధ్యలో తట్టు వచ్చి పోయింది. ఎడమ చెవిలో దూది పెట్టి ఉంది, చీము కారుతోంది. వెనక నుంచి పిలిస్తే తిరగలేదు. అప్పటి నుంచి ఒక్క బిడ్డ వచ్చినా తెరుస్తాను. మిమ్మల్నెవరైనా అలా పంపిస్తే "ఒక్కరికైనా వేయాలంట కదా మేడం" అని అడగండి. అడగడం తప్పు కాదు.

టీకా వేయించినా వచ్చిందే!

ఒక్క డోసుతో ఆగి ఉంటే వచ్చే వీలుంది. రెండూ పడ్డవాళ్లలో అరుదు, వచ్చినా తేలిగ్గా పోతుంది. ఇంకోటి, దద్దు వచ్చిన ప్రతి జ్వరమూ తట్టు కాదు. రక్తపరీక్షతోనే తేలుతుంది. జ్వరం, దద్దు కలిసి కనబడితే వార్డు ఏఎన్‌ఎంకు గానీ ఆశా కార్యకర్తకు గానీ చెప్పండి.

ఆరేడు నెలల పాపకు ముందే వేయించొచ్చా?

మామూలు రోజుల్లో అక్కర్లేదు. తట్టు చెలరేగిన చోట మాత్రం ఆరోగ్య శాఖ నిర్ణయించి ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకు అదనంగా ఒకటి వేస్తుంది. 2022 చివర్లో ముంబైలో అదే పరిస్థితి వచ్చింది. కోవిడ్ కాలంలో టీకాలు తప్పిన పిల్లలు గోవండి లాంటి ఇరుకు బస్తీల్లో చాలామంది ఉండటంతో తట్టు చెలరేగింది, పసిపిల్లలు చనిపోయారు. అప్పుడు కేంద్రం ఇలాంటి చోట్ల తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకు అదనపు డోసు వేయమంది. గుర్తుంచుకోండి, తొమ్మిది నెలలు నిండకముందు వేసిన డోసు లెక్కలోకి రాదు. తొమ్మిది నెలలకు, ఏడాదిన్నరకు వేయాల్సినవి మళ్లీ వేయాల్సిందే.

ఈ టీకా వేస్తే పిల్లలు చనిపోయారని వాట్సాప్‌లో వచ్చింది.

ఒక చోట నిజంగా జరిగింది, దాచను. పసిఫిక్ సముద్రంలో సమోవా అని చిన్న ద్వీప దేశం. 2018లో అక్కడ ఇద్దరు పసిపిల్లలు ఈ రకం టీకా వేసిన వెంటనే చనిపోయారు. టీకా తప్పు కాదు. పొడిలో కలపాల్సిన నీళ్లకు బదులు నర్సులు ఆపరేషన్లలో కండరాలను సడలించడానికి వాడే మందు కలిపారు. ఊరంతా బెదిరిపోయింది, టీకాలు పడిపోయాయి. మరుసటి ఏడాది తట్టు వచ్చింది. రెండు లక్షల జనాభాలో 83 మంది పోయారు, ఎక్కువ మంది ఐదేళ్లలోపు వాళ్లే. ఇద్దరు పోయారన్న భయం అంతమందిని తీసుకుపోయింది.

కాబట్టి భయం ఉంటే టీకా మానకండి, సీసా చూపించమని అడగండి. ఏ టైమ్‌కు కలిపారో సీసా మీదే రాయాలి. రాసి ఉందో లేదో చూసే హక్కు మీకుంది. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. వారం పది రోజులకు కొంచెం జ్వరం, కాస్త దద్దు కొందరికి వస్తాయి, వాటంతట అవే పోతాయి.

ఆటిజం వస్తుందన్న కథ 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే ఆయన రాసిన పేపరుతో మొదలైంది. ఆ పేపరును ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో దాన్ని ఉపసంహరించుకుంది.

జలుబుంటే టీకా వేయొచ్చా? ప్రైవేటులో వేసే ఎంఎంఆర్ మంచిదా?

జలుబు, కొద్ది దగ్గు, ఒకటి రెండు మోషన్స్ ఉన్నా వేయొచ్చు. బాగా జ్వరం ఉండి బిడ్డ నలతగా ఉంటే తగ్గాక వేస్తాం. ఎంఎంఆర్‌లో గవదబిళ్లల టీకా అదనం. తట్టు వరకు రెండూ ఒకటే. ఎక్కడ వేయించినా కార్డులో రాయించండి.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

తల్లిపాలు ఎంత అడిగితే అంత. పెద్ద పిల్లలకు పెరుగన్నం, రాగి జావ, పప్పుకట్టు, అరటిపండు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. గుడ్డు కూడా పెట్టొచ్చు, కానీ ఆ రోజుల్లో నీచు పెట్టనంటే నేను వాదనకు దిగను, బదులుగా పప్పు, నెయ్యి పెంచమంటాను. నోట్లో పుండ్లుంటే చల్లార్చి పెట్టండి. జ్వరానికి పారాసెటమాల్ బరువును బట్టి, ఆస్పిరిన్ వద్దు. మోషన్స్ అయితే ఓఆర్ఎస్. యాంటీబయాటిక్ తట్టును తగ్గించదు, నెమ్మో చెవిపోటో చేస్తే డాక్టరు రాస్తారు.

కళ్ల దగ్గర జాగ్రత్త. కాచి చల్లార్చిన నీళ్లతో తడిపిన శుభ్రమైన గుడ్డతో లోపలి మూల నుంచి బయటికి తుడవండి, కంటికో గుడ్డ. ఆకు పసర్లు, చనుబాలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన చుక్కలు పోయకండి. తట్టుతో చూపు పోయిన పిల్లల్లో కొందరి కళ్లు జబ్బుతో కన్నా పసర్లతో పాడైనవే.

ఎప్పుడు పరుగెత్తాలి?

బిడ్డ నిద్రలోనో, ఊరికే ఉన్నప్పుడో బట్ట పైకెత్తి ఫోన్లో ఒక నిమిషం టైమర్ పెట్టి పొట్ట ఎన్నిసార్లు ఎగసిందో లెక్కపెట్టండి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క కుదరదు. రెండు నెలల నుంచి ఏడాది లోపు అయితే 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. అంతకు చేరినా, దాటినా నెమ్ము అనుకోవాల్సిందే. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే లెక్కపెడుతూ కూర్చోవద్దు.

అలాగే ఫిట్స్, లేపినా లేవకపోవడం, ఏది తాగినా కక్కేయడం, కళ్లు లోతుకు పోయి ఉచ్చ పోయకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, వెలుతురు చూడలేకపోవడం. వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేయండి, లేదా ఆటో ఎక్కి నేరుగా రుయా ఆసుపత్రి పిల్లల విభాగానికి వెళ్లండి. లోపలికి పోగానే "తట్టు అనుమానం" అని గట్టిగా చెప్పండి, వేరే చోట కూర్చోబెడతారు. ఓపీ బెంచీ మీద పక్కన పసికందులుంటారు.

ఇంట్లో గర్భిణి ఉంది.

చిన్నప్పుడు తట్టు రానివాళ్లు, టీకా పడనివాళ్లు అయితే తట్టు బిడ్డకు దూరంగా ఉండాలి, గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉంది. గర్భంతో ఉండగా ఎంఆర్ టీకా వేయించుకోకూడదు.

అంగన్‌వాడీకి ఎప్పుడు పంపొచ్చు?

దద్దు కనబడ్డ రోజు నుంచి నాలుగు రోజులు పూర్తయ్యాక ఇతరులకు అంటించే భయం ఉండదు. కానీ బిడ్డ కోలుకునే దాకా ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉంచితే మంచిది. వాడి వల్ల పక్క పిల్లలకు కాదు, పక్క పిల్లల జలుబులు వాడికి అంటుకుంటాయని.

వేరే రాష్ట్రం నుంచి పనికి వచ్చాం, కార్డు పోయింది.

అడ్రస్ ప్రూఫ్ అవసరం లేదు, ఆధార్ లేకపోయినా టీకా వేస్తారు. యూ-విన్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ టీకాల రికార్డు) నమోదై ఉంటే ఫోన్ నంబరుతో పాత టీకాలు దొరుకుతాయి. దొరకకపోతే, వేశారో లేదో మీకే గుర్తు లేకపోతే, వేయనట్టే లెక్కగట్టి మళ్లీ వేస్తాం. ఒకటి ఎక్కువ పడినా బిడ్డకు నష్టమేమీ లేదు. బుధవారం గానీ శనివారం గానీ, దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్‌కో, అంగన్‌వాడీకో బిడ్డను ఎత్తుకుని రండి. పనికి పోయే ముందు వస్తే మంచిది, మధ్యాహ్నం దాటితే సీసా మూసేస్తాం.